మంత్రిగారి దాగుడుమూతలు

“నేటి నుంచి ఈ దేశంలో ఆట ఉచితం!” అని మా శిశు వికాస శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. అంతకుముందు ఆటకి ఎవరు ఎంత వసూలు చేసేవారో నాకు తెలియదు గానీ, నేనూ కొట్టాను. ఒక చేతిలో కెమెరా ఉండటంవల్ల తొడమీద కొట్టుకున్నాను.

నేను సమాచార శాఖనుంచి మంత్రిగారి శాఖకి వచ్చిన ఫోటోగ్రాఫర్ని. మంత్రిగారు ఎక్కడ నిలబడితే అక్కడ ఆయనకి ఎడమవైపు, కాస్త కిందుగా ఉంటాను. ఆయన దూరదృష్టి ఎడమ కంట్లోనే బాగా పడుతుంది.

“పిల్లలకి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. అమ్మానాన్నలు కావాలి! ఒక పాత దుప్పటి, ఒక అట్టపెట్టె, ఒక గోడ, గోడమీద ఒక నీడ ఉంటే చాలు. రోజూ కాసేపు ఫోను పక్కన పడేయండి. నేలమీద కూర్చోండి. పిల్లలు ఏం చెబితే అది చేయండి!”

నిజంగా మంచి మాటలు. మంత్రిగారు కూడా వాటిని మొదటిసారి వింటున్నట్టుగా ఎంతో ఆసక్తిగా చదివారు. మధ్యలో ఆయన ఫోను మోగితే, “ఫోను పక్కన పడేయండి” అనే వాక్యాన్ని సగంలో ఆపి, మాట్లాడి, పెట్టేసి, మిగతా సగం పూర్తి చేశారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అంతటి ఏకాగ్రత.

అంతా సవ్యంగా ముగిసేదే. ‘సాయంకాలం’ పత్రిక విలేఖరి, బొత్తిగా పెద్దాచిన్నా లేని మనిషి, చెయ్యెత్తింది.

“సార్, మీ అమ్మాయితో మీరు ఏం ఆడతారండీ?”

“అన్నీ ఆడతానమ్మా.”

“ఒకటి చెప్పండి.”

మంత్రిగారు కార్యదర్శిగారి వైపు చూశారు. కార్యదర్శిగారు ఉపకార్యదర్శి వైపు చూశారు. ఉపకార్యదర్శి నా వైపు చూశాడు. నా వెనక గోడ ఉంది.

“చెప్పడం దేనికమ్మా, చూపిస్తాను,” అన్నారు మంత్రిగారు గంభీరంగా. “వచ్చే ఆదివారం అందరూ మా ఇంటికి రండి. మీ కళ్లముందే మా అమ్మాయితో ఆడతాను.”

జవాబు తెలియనప్పుడు ఆహ్వానం ఇవ్వడం మామూలు మనుషులకి చేతకాదు. మళ్లీ చప్పట్లు కొట్టాం.

ఆ సాయంత్రమే శాఖలో ఉత్తర్వు వెలువడింది. తల్లిదండ్రులు పిల్లలతో హాయిగా గడిపే ఈ మహత్తర పథకం విజయవంతమయ్యేదాకా, శాఖలో పనిచేసే తల్లిదండ్రులెవరికీ ఆదివారాలు, సెలవులు ఉండవు.

“ఈ ఆదివారమైనా ఇంట్లో ఉంటారా? పిల్లలిద్దరూ మిమ్మల్ని చుట్టం అనుకుంటున్నారు,” అంది మా ఆవిడ.

“ఎలా కుదురుతుంది? పిల్లలతో ఎలా ఆడుకోవాలో జనానికి చూపించాలిగా,” అన్నాను.

ఆవిడ మెచ్చుకోలుగా తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే సమీక్షా సమావేశం పెట్టారు. ఫోటోలకోసం నేనూ ఉన్నాను. మాట్లాడినవన్నీ రాసుకోవడానికి టైపిస్టమ్మ ఓ మూల కూర్చుంది. తేల్చాల్సింది ఒక్కటే: మంత్రిగారు ఏ ఆట ఆడాలి?

“గుర్రం ఆట సార్,” అన్నాడు ఉపకార్యదర్శి హుషారుగా. “తమరు మోకాళ్లమీద వంగుతారు. పాపగారు వీపెక్కి ఛల్ ఛల్ అంటారు. పైసా ఖర్చు లేదు.”

“నేను వంగాలా? కెమెరాల ముందా?”

“మొన్న ఢిల్లీ... అదే, పైవాళ్ల ముందు వంగిన ఫోటో పక్కన పెట్టి వేస్తారు సార్,” అన్నాడు పి.ఎ.

గుర్రం అక్కడే చచ్చింది.

“పోనీ, నీడల బొమ్మలు. గోడమీద చేతుల్తో కుందేలు, కొంగ...”

“లైట్లు ఆర్పాలి కదయ్యా? మంత్రి ఇంట్లోనే కరెంటు లేదంటారు. విద్యుత్తు శాఖాయన మనవాడే, నొచ్చుకుంటాడు.”

“దుప్పటితో గుడారం?”

“ఇళ్లు కట్టిస్తామని చెప్పి దుప్పట్లు చూపిస్తున్నామంటారు.”

“కాగితం పడవలు సార్! వీధిలో నీళ్లు ఎలాగూ నిలిచే ఉన్నాయి కాబట్టి...” అని ఉపకార్యదర్శి ఇంకా ఏదో అనబోయి, తానేమన్నాడో తనకే అర్థమై, ఫైల్లో తల దూర్చేశాడు. మళ్లీ ఆ తల మధ్యాహ్నం భోజనానికే పైకి లేచింది.

చివరికి కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు. సర్వీసంతా ఎవరినీ నొప్పించకుండా నెట్టుకొచ్చిన పెద్దమనిషి. “దాగుడుమూతలు,” అన్నారు.

మంత్రిగారి ముఖం విప్పారింది. “అది నాకు బాగా వచ్చు!”

“చిన్నప్పుడు ఆడేవారా సార్?”

“కాదు, పార్టీ మారినప్పుడు. రిసార్టులో ఎంతమంది వెతికినా దొరకలేదు.”

అందరం గౌరవంగా నవ్వాం. అయితే దాక్కోవడంలో ఎంత అనుభవం ఉన్నా, మంత్రిగారు దాక్కోకూడదని తేలింది. ‘మంత్రి పరారీ’ అని వేస్తారు. పాపగారే దాక్కోవాలి, మంత్రిగారు వెతకాలి. ‘వెతుక్కుంటూ వచ్చే మంత్రి!’ శీర్షిక కూడా కుదిరిపోయింది. టీలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే టైపిస్టమ్మ కలం ఆపి అమాయకంగా అడిగింది.

“ఏవండీ, వెతికేవాళ్లని దొంగ అంటారు కదా. మంత్రిగారే దొంగ అని రాసెయ్యనా?”

మంత్రిగారు టీ కప్పు మెల్లిగా కింద పెట్టారు.

“ఏమన్నావమ్మా?”

“నేననడం కాదండీ. ఆటలో అలాగే అంటారు. దొంగ కళ్లు మూసుకుంటాడు, మిగతావాళ్లు...”

“రాయొద్దు!” అన్నారు నలుగురు ఒకేసారి.

ఆ ఒక్క మాట కోసం భాషాపండితుల సంఘాన్ని పిలిపించారు. వాళ్లు సాయంత్రం దాకా తర్జనభర్జన పడి, దొంగ అనే పదాన్ని ఆటలోంచి తొలగించి దాని స్థానంలో ‘అన్వేషణాధికారి’ అని ఖరారు చేశారు. ఇకమీదట బడి పిల్లలు “నువ్వే దొంగ” అనకూడదు, “తమరే అన్వేషణాధికారి” అనాలి. అనకపోతే ఆట చెల్లదు.

ఆ మర్నాడు రిహార్సలు. పాపగారికి బడి ఉంది కనుక ఆవిడ స్థానంలో కార్యదర్శిగారు దాక్కున్నారు. మంత్రిగారి ఇంటి హాల్లో పెద్ద ఎర్ర కర్టెను ఉంది. ఆయన దాని వెనక్కి వెళ్లారు. ఆయన పొట్ట కొంత బయటే ఉండిపోయింది.

మంత్రిగారు కళ్లు తెరిచారు. సోఫాలో కూర్చున్నారు.

“సెక్రటరీ ఎక్కడయ్యా?”

“కర్టెన్ వెనక సార్,” అన్నాడు పి.ఎ.

“రమ్మను.”

కార్యదర్శిగారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“దొరికావు,” అన్నారు మంత్రిగారు. చప్పట్లు.

“సార్, తమరు లేచి వచ్చి వెతకాలి,” అన్నారు కార్యదర్శిగారు నసుగుతూ.

“నేను వెతకడమేంటయ్యా? నాకు కావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు కదా?”

మంత్రిగారి పాలనాదక్షత అటువంటిది. అందుకని సోఫా దగ్గర్నుంచి కర్టెను దాకా నేలమీద సుద్దతో బాణం గుర్తులు గీశారు. వాటి వెంట నడవడం ఆయన చాలా త్వరగా నేర్చుకున్నారు.

ఈలోగా భద్రతాధికారి ఇల్లంతా తనిఖీ చేసి మంచాల కింద, బీరువాల్లో, తలుపుల చాటున, మెట్ల కింద, ఎక్కడెక్కడ మనిషి దాక్కోవచ్చో అక్కడల్లా టేపు వేసి సీలు చేయించాడు. ఎర్ర కర్టెను మీద మాత్రం బోర్డు కట్టించాడు: ‘అనుమతించబడిన దాక్కునే స్థలం.’

శనివారం సాయంత్రం పాపగారు బడినుంచి వచ్చారు. రెండో తరగతి, ముందు పళ్లు రెండూ ఊడాయి. ఇంట్లో అందరూ మిరియం అంటారు. చూడ్డానికి ఇంతే ఉన్నా, నోరు విప్పితే ఎందుకు పెట్టారో తెలుస్తుంది. వాళ్ల అమ్మగారు ‘తల్లీబిడ్డల అనుబంధం’ మీద ఉపన్యాసాలివ్వడానికి వేరే ఊరు వెళ్లి ఉన్నారు కాబట్టి, ఆట సంగతి కార్యదర్శిగారే కూర్చోబెట్టి వివరించారు.

“పాపగారూ, తమరు ఈ బోర్డు కింద దాక్కోవాలి. ఇంకెక్కడా దాక్కోకూడదు.”

మిరియం బోర్డు కూడబలుక్కుని చదివింది.

“అందరికీ తెలిసిన చోట దాక్కోవడం ఏంటి? అది దాక్కోవడం కాదు, నిలబడ్డం.”

“భద్రతా కారణాలమ్మా.”

“మరి నాన్న దొంగా?”

“అన్వేషణాధికారి,” అన్నారు కార్యదర్శిగారు తడుముకోకుండా.

“అంటే దొంగేగా?”

కార్యదర్శిగారికి ఏదో అర్జెంటు ఫోను వచ్చింది. ఆ ఫోను మోగకుండానే వచ్చింది. నేను కర్టెను దగ్గర లైట్లు సరిచూసుకుంటుంటే, మిరియం వచ్చి నా పక్కన గొంతుకూర్చుంది.

“ఫోటో అంకుల్, నాన్న నిజంగా ఆడతాడా?”

“ఆడతారమ్మా. నేను స్వయంగా ఫోటోలు తీయబోతున్నాను.”

“ఎంతసేపు?”

“దొరికేదాకా.”

ఊడిన పళ్ల సందులో నాలుక ఆడించింది. “అయితే నేను బాగా దాక్కుంటే, చాలాసేపు ఆడాలన్నమాట,” అంది.

రెండో తరగతి పిల్లకి ప్రభుత్వ కార్యక్రమం మీద అంత శ్రద్ధ ఉండటం నాకు ముచ్చటేసింది.

ఆదివారం పొద్దుటికి మంత్రిగారి హాలు కిక్కిరిసిపోయింది. టీవీవాళ్లు, పత్రికలవాళ్లు, శాఖ సిబ్బంది. టైపిస్టమ్మ తన కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. సెలవు రద్దయింది కాబట్టి పిల్లని ఎవరి దగ్గర వదలాలో తెలియక తెచ్చానంది. బుల్లి అనే ఆ పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని బిస్కట్లు తింటూ ఉంది.

ముందు రిబ్బను కత్తిరించారు. దేనికి కట్టారో తెలియదు, రెండు కుర్చీల మధ్య కట్టారు. తర్వాత మంత్రిగారు మైకులున్న బల్ల వెనక నిలబడ్డారు. బల్లమీద నేలదాకా జారే నీలం గుడ్డ పరిచి ఉంది. మిరియం పసుపు గౌనులో పక్కన నిలబడింది.

“చెప్పు తల్లీ, ఈ ఆటలో నాన్న ఎవరు?” అన్నారు మంత్రిగారు, నేర్పించిన జవాబు కోసం చిరునవ్వుతో వంగి.

“దొంగ!” అని అరిచింది మిరియం, సంతోషం పట్టలేక.

కలాలన్నీ ఒక్కసారి కదిలాయి.

“అది పాత పరిభాష,” అన్నారు కార్యదర్శిగారు.

మంత్రిగారి కళ్లకి రుమాలు కట్టారు. ఇరవై దాకా లెక్కపెట్టాలి. మైకు దొరికితే ఆయన అంకెల్ని అంకెలుగా వదిలేసే మనిషి కాదు.

“ఒకటి! ఒక్కటే లక్ష్యంతో పనిచేస్తున్న ప్రభుత్వం మనది. రెండు! రెండు కళ్లలాంటివి సంక్షేమం, అభివృద్ధి. మూడు! ముచ్చటగా మూడోసారి కూడా మీరు మమ్మల్ని...”

జనమంతా ఆయన్నే చూస్తున్నాం. కెమెరాలూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన పన్నెండులో పన్నుల సంస్కరణలు వివరిస్తుండగా, మంచి కోణం కోసం నేను కర్టెను వెనక్కి వెళ్లాను.

అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు.

చేతులు ఊపాను. కార్యదర్శిగారు వచ్చి చూశారు. ఆయన ముఖంలో సర్వీసంతా కనిపించింది.

“పాపగారేరి?” అని గుసగుసలాడారు.

“దాక్కున్నట్టున్నారండీ.”

“దాక్కోమన్నది ఇక్కడ కదయ్యా!”

క్షణాల్లో చీటీ ఒకటి మంత్రిగారి చేతికి వెళ్లింది. కళ్లకి గంతలు కాబట్టి పి.ఎ. చెవిలో చదివాడు: “ఇంకొంచెం లెక్కపెట్టండి సార్.” మంత్రిగారు ఇరవై దాటి యాభైల్లోకి వెళ్లారు. ప్రభుత్వానికి విజయాల కొరత లేదు.

ఇవతల భద్రతాధికారి తను వేసిన సీళ్లన్నీ తానే చింపడం మొదలెట్టాడు. అధికారులు కోట్లు విప్పి మంచాల కిందికి పాకారు. జాగిలాన్ని తెచ్చారు. అది పసుపు గౌను జాడ వెతకకుండా బుల్లి చేతిలో బిస్కటు వాసన చూసి అక్కడే కూర్చుండిపోయింది. ఉపకార్యదర్శి ఒక బీరువా తలుపు తీస్తే లోపల భద్రతాధికారి ఉన్నాడు.

“దొరికారు!” అన్నాడు ఉపకార్యదర్శి తన్నుకొచ్చిన ఆనందంతో.

“నేను వెతుకుతున్నానయ్యా!”

“అయితే మీరే దొంగ!”

అంతటి ఒత్తిడిలోనూ ఇద్దరూ కిసుక్కున నవ్వారు. మెట్ల కింద ముగ్గురు సంయుక్త కార్యదర్శులు ఒకరి వెనక ఒకరు దాక్కుని “ష్!” అనుకోవడం నేను కళ్లారా చూశాను. వాళ్లు వెతకడం ఎప్పుడు మానేశారో వాళ్లకే గుర్తు లేనట్టుంది. పథకం పనిచేస్తోందని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

“ఇంకాసేపట్లో లైవు ఆపేసి వాతావరణం చూపిస్తాం,” అన్నాడు టీవీ మనిషి వాచీ చూసుకుంటూ.

మంత్రిగారు తొంభైల్లో ఉన్నారు. కార్యదర్శిగారి చూపు వంటింటి గుమ్మం మీద పడింది. జాగిలంతో సగం సగం పంచుకుని తింటున్న బుల్లి, దాదాపు మిరియం అంతే ఎత్తు.

“అయ్యో, అది మా బుల్లి అండీ!” అంది టైపిస్టమ్మ.

“ఒక్క నిమిషమమ్మా, దేశం కోసం,” అని కార్యదర్శిగారు పిల్లని చంకనేసుకుని వెళ్లి కర్టెను వెనక నిలబెట్టారు. మూతికంటిన బిస్కటు పొడి తన చేతిరుమాలుతో తుడిచారు.

“నూరు!” అన్నారు మంత్రిగారు. రుమాలు విప్పారు. బాణాల వెంట ఠీవిగా నడిచారు. కర్టెను లాగారు.

“దొరికావు!”

బుల్లి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“మీరెవరు?” అంది.

మంత్రిగారు ఒక్క క్షణం పిల్ల ముఖంలోకి చూసి, పకపకా నవ్వి, రెండు చేతులతో ఎత్తుకున్నారు.

“చూశారా! ఆటలో ఎంత లీనమైపోయిందో! కన్నతండ్రినే మరిచిపోయింది!”

చప్పట్లతో కప్పు ఎగిరిపోయింది. నేను బటను నొక్కుతూనే ఉన్నాను. ఎడమ బుగ్గ, ఎడమ కన్ను, బుల్లి నోరు తెరిచిన తీరు, అన్నీ అద్భుతంగా కుదిరాయి.

“సార్,” అంది ‘సాయంకాలం’ విలేఖరి, “ఇందాక పాపది పసుపు గౌను కదా? ఇప్పుడు ఆకుపచ్చది వేసుకుందే?”

“పిల్లలు ఎదుగుతారమ్మా,” అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. “మనమే గమనించం. అందుకే ఈ పథకం.”

ఇంతకంటే చక్కని జవాబు ఏ మంత్రీ ఇవ్వగా నేను వినలేదు. విలేఖరి కూడా కలం మూసేసింది.

బుల్లిని తల్లికిచ్చేశారు. అందరికీ టిఫిన్లు పెట్టారు. టీవీవాళ్లు వైర్లు చుట్టుకున్నారు. అసలు పాపగారు ఇంకా దొరకలేదన్న సంగతి మంత్రిగారికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తండ్రి మనసు, తట్టుకోలేరని కార్యదర్శిగారి భయం. “ఆయన్ని ముందు కారెక్కించండి, తర్వాత ఇల్లు తలకిందులు చేసైనా వెతుకుదాం,” అని అందరితో ప్రమాణం చేయించారు. మంత్రిగారికి ఆ వెంటనే ‘ఆదర్శ తండ్రుల సదస్సు’ ఉంది.

నేను హాల్లో మిగిలిన నా లైటు వైరు లాగబోతే అది మైకుల బల్ల కింద ఎక్కడో తట్టుకుంది. వంగి నీలం గుడ్డ ఎత్తాను.

మిరియం మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుని ఉంది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కళ్లు మాత్రం మిలమిలా మెరుస్తున్నాయి.

“నాన్న ఇంకా వెతుకుతున్నాడా?” అంది గుసగుసగా.

గుడ్డ వదిలేసి బయటికి పరిగెత్తాను. ఇంత శుభవార్త నా చేతుల మీదుగా అందబోతోందని నాకు గర్వంగా కూడా ఉంది. పోర్టికోలో కారు కదలబోతోంది. అద్దం తట్టాను. మంత్రిగారు దించారు.

“సార్! పాపగారు క్షేమంగా ఉన్నారు సార్! బల్ల కిందే ఉన్నారు!”

“తెలుసయ్యా,” అన్నారు మంత్రిగారు వాచీ చూసుకుంటూ. “నేను లెక్కపెడుతున్నంతసేపూ నా కాలికి చక్కిలిగింతలు పెడుతూనే ఉంది.”

నేను వెనక్కి తిరిగి హాలు వైపు చూశాను.

“నువ్వు మాత్రం చూసినట్టు చెప్పకు. దొరికిందంటే మళ్లీ మొదట్నుంచీ ఆడమంటుంది.”

అద్దం పైకి లేచింది. కారు సదస్సుకి వెళ్లిపోయింది.

నేను లోపలికి వచ్చి గుడ్డ ఎత్తాను.

“ఏం చేస్తున్నాడు?” అంది మిరియం.

“వెతుకుతున్నారమ్మా.”

“అయితే అది కిందకి వదలండి,” అని నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. “కనిపిస్తాను.”